సుక్రు ఆగిన చోటు

మొన్న శీతాకాలంలో అరకులో, టూరిస్టులు దిగి ఫోటోలు తీసుకునే వలిసెపూల చేను పక్కన ఎవరో మైదానం నుంచి తెచ్చిన గుర్రాన్ని కట్టేశారు. నెత్తిన రంగుల కుచ్చు, మెడలో ప్లాస్టిక్ పూలదండ, వీపు మీద ఎర్ర మఖమల్ గుడ్డ. ఇంత సింగారించినా దాని వాసన మాత్రం దాగలేదు. తడిసిన వెంట్రుకలు, చెమట, నమిలిన గడ్డి కలిసిన ఆ వాసన తగలగానే నా కాళ్లు నిలిచిపోయాయి. ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సును నేను. నాతో పనిచేసే ఆడపిల్లలు "ఎక్కండి మేడం, ఒక్క ఫోటో" అంటూ వేళాకోళమాడారు. గుర్రమంటే భయమనుకున్నారు పాపం. గుర్రమంటే నాకెప్పుడూ భయం లేదు. నలుగురూ చూస్తుండగా అది తల తిప్పి నా చేతి వైపు మూతి చాపుతుందేమోనని భయం. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని వచ్చి జీపెక్కేశాను.

మా ఊరు లోయకు పైన, కొండ వీపు మీద, ఇరవై ముప్పై ఇళ్ల ఊరు. తొంభైల చివర్లో, నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు, మాకింకా రోడ్డు లేదు. వానాకాలమంతా మబ్బు తలుపు తోసుకుని ఇంట్లోకే వచ్చి కూర్చునేది. అటక కింద మొక్కజొన్న కండెలూ ఎండుచేపలూ పొగచూరుతూ వేలాడేవి. కార్తీకం వచ్చేసరికి వలిసెలు పూసి వాలంతా పచ్చగా వెలిగేది. చలికి మేం పిల్లలం పొయ్యి చుట్టూ పిల్లుల్లా ముడుచుకుని, వేయించిన చింతపిక్కలు బుగ్గన పెట్టుకుని, అడ్డగింజలతో ఆడుకునేవాళ్లం. ఎండాకాలం మామిడి టెంకల అంబలి. చైత్రంలో ఇటుకల పండగ, మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు కట్టి, వచ్చేపోయేవాళ్లను ఆపి, పాటలు పాడి పైసలు గుంజేవాళ్లు. మా మామ్మ, అంటే అయ్యను కన్న తల్లి, ఆ గుంపులో అందరికంటే ముందుండేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఆ చుట్ట తీయకుండానే పాట అందుకునేది. ఎవరికి కడుపునొప్పి వచ్చినా, ఏ మేక ఈనలేకపోయినా మామ్మకే కబురు. అప్పట్లో అది మా ఇంటికి గౌరవం.

అయ్యకో గుర్రం ఉండేది. పొట్టిది, ఎర్రది, శుక్రవారం నాడు కొన్నాడు గనుక సుక్రు. సంత రోజు దాని వీపు మీద పసుపు, పిప్పళ్లు, చింతపండు మూటలు వేసి ఘాటీ ఎక్కి అవతల దిగేవాళ్లం. వచ్చేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు. ఆ రోజు నేను బడి ఎగ్గొట్టేదాన్ని, మాస్టారు కూడా సంతకే వెళ్లేవారు గనుక అడిగే నాథుడు లేడు. అయ్య కావిడి మోస్తూ, దారిలో కనిపించిన ప్రతి మనిషితోనూ కబుర్లాడుతూ ఎప్పుడూ వెనకబడేవాడు. సుక్రునీ నన్నూ ముందు పంపేవాడు.

ఘాటీ తలలో దారి పక్కన ఒక రాయి ఉండేది. కొండదేవత రాయి. ఎంత పనిలో ఉన్నా ఎవరైనా సరే ఒక పచ్చికొమ్మ విరిచి దాని మీద వేసి కదలాలి, లేకపోతే దిగేటప్పుడు కాలు జారుతుందని నమ్మకం. మామ్మ మాత్రం కొమ్మతో సరిపెట్టేది కాదు. వేయించిన చోడిపిండిలో బెల్లం కలిపి, అడ్డాకులో పొట్లం కట్టి నా చేతికిచ్చేది, "రాయి మీద ఎట్టీసి బేగి దిగిపోండి" అనేది. ఒకసారి ముసురులో సుక్రు అక్కడ కాళ్లు బిగబట్టి కదలనంది. అయ్య ఎంతో వెనక ఉన్నాడు, మబ్బు కమ్మేసింది, నాకు ఏడుపొచ్చి ఆ పొట్లం దాని మూతి ముందు విప్పాను. గరుకు నాలుకతో అరచెయ్యంతా నాకి, బుద్ధిగా నా వెంట నడిచింది. మరుసటి సంతకి అక్కడికి రాగానే అదే ఆగి నా చేతి వైపు చూసింది. ఆ తర్వాత దేవతకు కొమ్మ, సుక్రుకు పిండి. రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. దేవత తిండి గుర్రానికి పెడుతున్నానని ఒళ్లు జలదరించేది, అయినా మరుసటి వారం మళ్లీ పెట్టేదాన్ని.

తర్వాత జీపు రోడ్డు పడింది. సంత మూటలు జీపు టాపెక్కాయి, సుక్రుకు మేత తప్ప పని లేకుండా పోయింది. అప్పుడే ఘాటీకి ఇవతలే ఉన్న పొరుగూరి నుంచి యాకోబు వచ్చాడు. వాళ్ల ఊరికింకా రోడ్డు లేదు, సంతకు ఆ ఘాటీ దారే. మెత్తని మనిషి, కొత్తగా మిషన్ చర్చిలో కలిసినవాడు; వచ్చినప్పుడల్లా తువ్వాలు కొంగులో జామకాయలు తెచ్చి నాకు పెట్టేవాడు. మధ్యవర్తులెవరూ లేరు, కాగితం లేదు, జత కోడెలకు గుర్రం మార్పిడి అని మా వాకిట్లో ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. "దీనికేటైనా దుర్గుణం ఉంటే ఇప్పుడే సెప్పు బావా" అన్నాడు యాకోబు. అయ్య ఏదీ దాచలేదు. ఎడమ వైపు నుంచి వస్తే కరుస్తుందన్నాడు, గొడుగు చూస్తే బెదురుతుందన్నాడు. మూడోది నాకొక్కదానికే తెలుసు. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. పశువును అమ్మినా దాని తాడు ఇవ్వకూడదు, ఇస్తే ఇంటి కళ పోతుందని మా వైపు ఆనవాయితీ గనుక, మామ్మ సుక్రు మెడ తాడు విప్పి పొయ్యి పైన దూలానికి వేలాడదీసింది.

నెల తిరక్కుండానే యాకోబు వచ్చాడు. జామకాయలు తేలేదు. గుర్రం రాయి దగ్గర ఆగిపోతోందట. కొట్టినా కదలదట, మూటలన్నీ దించి తానే మోసుకుపోవలసి వస్తోందట. అయ్య నవ్వాడు. "కొమ్మెయ్యి బావా, కదుల్తాది."

"నాను ఏసు బిడ్డని. రాయికి కొమ్మెయ్యనని మొక్కుకున్నాను."

అయ్య మళ్లీ నవ్వాడు. ఆ రెండో నవ్వు నవ్వకుండా ఉండాల్సింది. యాకోబు మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. వారం తర్వాత, ఇంకా చర్చిలో కలవని తన అన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. తాను వేయకపోయినా అన్న చేత కొమ్మ వేయించాడట. ఒకటి కాదు, మోపెడు కొమ్మలు. అయినా గుర్రం కదల్లేదు. దేవతకు ఇవ్వాల్సింది ఇచ్చాక కూడా కదలడం లేదంటే అది దేవత పని కాదు కదా అన్నాడు అన్న, మా ఇంట్లోకి తొంగి చూస్తూ. అతని కళ్లు దూలానికున్న తాడు మీద ఆగాయి. ఆ వారంలోనే యాకోబు మూడేళ్ల కూతురికి చలిజ్వరం పట్టుకుందని కూడా చెప్పాడు. ఇద్దరూ అటు వెళ్లగానే అమ్మ పగలే తలుపు గడియ వేసింది. అమ్మ అలా చేయడం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. ఆ మాట మా ముందు ఎవరూ అనలేదు. అనకపోయినా అది ఊరంతా నడుస్తోందని పిల్లలకు కూడా తెలిసిపోయింది. పొద్దున్నే నిప్పు కోసం వచ్చే పక్కింటావిడ అగ్గిపెట్టె కొనుక్కుంది. మామ్మ ఊట దగ్గరికి వెళితే కడవలు సగం నిండకుండానే ఆడవాళ్లు లేచిపోయేవారు. నాతో ఆడుకునే గుంటలు తమ అడ్డగింజలు ఏరుకుని ఇంకో ఇంటి వాకిట్లో కూర్చున్నారు. చిల్లంగి పెట్టే మనిషి పళ్లు పీకేస్తే మంత్రం నోట పలకదని, కిందటేడు ఫలానా ఊళ్లో ఒక ముసలాయనకు అలాగే చేశారని బళ్లో పిల్లలు నన్ను చూస్తూ చెప్పుకున్నారు. నోరు తెరిస్తే దేవత, మూస్తే మామ్మ. దేవత పిండి దొంగిలించినదాన్ని నేను, ఆ సంగతి చెబితే ఆ రాయి నన్నేం చేస్తుందో తెలియదు. చెప్పకపోతే వీళ్లు మామ్మనేం చేస్తారో తెలిసిపోతోంది. పొద్దుట లేచింది మొదలు మామ్మ కొంగు పట్టుకుని తిరిగేదాన్ని, ఆమె విసుక్కునేది కూడా కాదు.

పంచాయితీ ఆ రాయి దగ్గరే పెట్టారు. మిట్టమధ్యాహ్నమే గానీ మబ్బు దిగి పది అడుగుల అవతల మనిషి కనిపించడం లేదు. మా ఊరి పెద్దను నాయుడు అనేవాళ్లం. ఆయన, రెండూళ్ల మగవాళ్లు, మధ్యలో మామ్మ, ఆమె వెనక అయ్య, అమ్మ, నేను, పక్కగా నిలబెట్టిన సుక్రు. యాకోబు అన్న భుజం మీది తువ్వాలులో ఏదో బరువుగా వేలాడుతోంది. అతను కూర్చునేటప్పుడు అది రాయికి తగిలి చప్పుడైంది. పట్టకారు.

యాకోబు కళ్లు గుంటలు పడి ఉన్నాయి. "నా కోడెలు నాకొద్దు. గుర్రమూ వద్దు. నా గుంట బతికితే సాలు. మంత్రం ఇప్పీమనండి" అన్నాడు, ఏడుస్తూనే.

"తాడెందుకుంచినావు?" అని నాయుడు మామ్మనడిగాడు.

"పశువునమ్మితే తాడెవుడిస్తాడు నాయుడా? నువ్విచ్చినావేటి?" అంది మామ్మ.

అన్న తువ్వాలు ముడి విప్పుతున్నాడు. అప్పుడు నేను లేచాను. ఎంత గట్టిగా అరిచానో గుర్తు లేదు. "మామ్మ కాదు, నానే! దేవత పిండి గుర్రానికి నానే ఎట్టీసేదాన్ని. దానికోసమే ఆగిపోతోంది." పరికిణీ మడతలో దాచి తెచ్చిన పొట్లం విప్పి సుక్రు మూతి ముందు చాపాను. అది ఒక్కసారి ముక్కుతో ఊది, నాకి, నేను వెనక్కి నడుస్తుంటే అడుగులో అడుగు వేసుకుంటూ రాయి దాటి వచ్చేసింది. అయిపోయింది, ఇక అందరూ నవ్వేస్తారు, నాలుగు తన్ని ఇంటికి పంపేస్తారనుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో వాళ్లు లేచి వెనక్కి జరిగారు. నెల రోజులుగా పదిమంది మగవాళ్లు లాగినా కదలని జంతువు గుప్పెడు పిండికి కుక్కపిల్లలా ఒక ఆడపిల్ల వెంట పోవడం వాళ్లు కళ్లారా చూశారు. "సూసినారా" అన్నాడు యాకోబు. "గుంటకి కూడా నేర్పీసినాది." అతని అన్న పట్టకారు చేతిలో పట్టుకుని నా నోటి వైపు చూశాడు.

మామ్మ లేచి నాకూ అతనికీ మధ్యకు వచ్చి నిలబడింది. "గుంటకేటీ రాదు. పిండిలో మంత్రం నానే ఎట్టినాను. అది మోసుకెల్లినాది, అంతే." అయ్య "అమ్మా!" అని అరుస్తూ ముందుకు ఉరికాడు, నలుగురు పట్టుకున్నారు. అమ్మ నా తల తన కడుపుకేసి అదిమేసింది. నేను చూడలేదు, విన్నాను. మామ్మ అరవలేదు. అరిచింది మా అయ్య.

కోడెలు యాకోబుకు, గుర్రం మాకు అని తీర్పు చెప్పారు. వారం లోపల అయ్య సుక్రును మైదానం నుంచి వచ్చిన బేరగాడికి ఇచ్చేశాడు; ఈసారి మామ్మే దూలం మీది తాడు తీసి అతని చేతిలో పెట్టింది. యాకోబు కూతురికి జ్వరం తగ్గింది. మలేరియా మాత్రలు పట్టుకుని కొండెక్కి వెళ్లిన హెల్త్ అసిస్టెంటు పేరు ఎవరూ తలుచుకోలేదు. పళ్లు పీకాకే తగ్గిందని రెండూళ్లూ ఒప్పేసుకున్నాయి.

కొర్రలు కోసే రోజుల్లో ఒక మధ్యాహ్నం, మామ్మకు అంబలి పోస్తూ నా వల్లే కదా అని ఏడ్చేశాను. దేవత పిండి రెండేళ్లు గుర్రానికి పెట్టానని మళ్లీ మొదటినుంచీ చెప్పాను. మామ్మ గిన్నె కింద పెట్టింది. ముందు పళ్లు లేక మాట గాలి పోయేది, అయినా ప్రతి మాటా నాకు అర్థమైంది.

"తెల్సే. సంత నుంచొచ్చినప్పుడల్లా నీ సెయ్యి గుర్రం నోరు వాసనేసీది. రాయి తింటాదేటి, గుర్రం తింటాది గానీ."

"మరి ఆ మాటే అందరికీ సెప్పొచ్చు కదా?"

"నువ్వు సూపించినావు కదే. నమ్మినారేటి?"

మరో రెండు చలికాలాలు బతికింది మామ్మ. ఇటుకల పండగకు పాట పాడడానికి ఆమెనెవరూ పిలవలేదు.

ఇప్పుడు ఘాటీ తలదాకా తారు రోడ్డు. ఆ రాయిని యంత్రం ఎటు తోసేసిందో ఎవరికీ పట్టలేదు. చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ గుర్రం లేదు, కుర్రాళ్లంతా బైకుల మీద సంతకు పోతున్నారు. అడ్డపొగ పీల్చే ముసలమ్మలు కూడా ఒకరిద్దరే మిగిలారు. యాకోబు ఊరు నా డ్యూటీ కిందే ఉంది. ఆ జ్వరం పిల్ల మరియమ్మకు ఇప్పుడు ఆరు నెలల కొడుకు. టీకాల రోజు అందరికంటే ముందు వచ్చి, వాడి తొడ తానే గట్టిగా పట్టుకుని నా ముందు కూర్చుంటుంది. ముసలివాడైన యాకోబు అరుగు మీద నుంచే "వందనాలమ్మా" అంటాడు. నేను నాలుగడుగులు వేశాక వంగి నా పాదం పడిన చోట మట్టి చిటికెడు తీసి, మనవడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తాడు. మొదటిసారి తిరిగి చూశాను గనుక తెలుసు. ఆ తర్వాత తిరిగి చూడలేదు, బిడ్డ మీద చూపు వేశానంటారు.

టీకా వేసిన సాయంత్రం ఏ బిడ్డకైనా కాస్త ఒళ్లు కాలుతుంది. అది మామూలేనని తల్లులందరికీ చెప్పి, మందు చేతిలో పెట్టి వస్తాను. మరియమ్మకు మాత్రం రెండుసార్లు చెబుతాను. మర్నాడు పొద్దున్నే లేచి ఆమెకు ఫోన్ చేస్తాను, జ్వరం తగ్గిందని ఆమె అనేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టను.