పోచమ్మ గంటతో సర్కారు ఆఫీసుకు

సికింద్రాబాదు నుంచి కొత్తగూడకు వెళ్ళే పని ఎవరికీ పడకూడదు గాని, ఖర్మ కాలి పడితే ఉదయం ఆరుంబావు ప్యాసింజరు ఎక్కండి. నేనెక్కిన రోజు అది ఏడింటికి కదిలింది. కొత్తగూడకు లింగంపల్లిలో దిగి పోవాలి, ఆ టికెట్టు చేతిలో పట్టుకుని ముప్పావుగంట రైలును తిట్టుకుంటూ కూర్చున్నాను.

నేను జిప్పులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. ఎగుమతి బట్టల పేరు చెప్పి తెచ్చుకున్న దిగుమతి లైసెన్సుల మీద విదేశీ జిప్పులు బజారు నిండా వచ్చిపడ్డాయి. ఆ నునుపు ముందు మావి ఎవరికి కావాలి? ఫ్యాక్టరీ మూతపడింది. అలా పని పోయినవాళ్ళకు శిక్షణ ఇచ్చి వేరే కార్ఖానాలో కుదురుస్తామని సర్కారు తీరిగ్గా ఏడాది తర్వాత ప్రకటించింది. నలభై అయిదు దాటితే తీసుకోరు. నాకు నలభై నాలుగున్నర, మరో అవకాశం లేదు.

గడువుకు ముందురోజు ఆఫీసుకు వెళ్తే గుమాస్తా ఎగాదిగా చూశాడు. మా హాజరు పుస్తకాలు కోర్టు సీలు వేసిన గదిలో ఉన్నాయట, సాక్షులను తెచ్చినా చెల్లదట.

"రేపు అయిదింటిలోగా మీ గేటు బిళ్ళ తెండి. నెంబరు అసలు ఇత్తడి మీద కనబడాలండి. రూలు అదీ" అన్నాడు.

రోజూ గేటు దగ్గర చూపించి లోపలికెళ్ళే ఆ ఇత్తడి బిళ్ళ ఉంటే కదా! ఫ్యాక్టరీ మూసిన రోజు, ఇంక ఈ దిక్కుమాలిన బిళ్ళలెందుకని మేం ముప్పైమందిమీ వాటిని పోత పోసే అంజయ్య చేతిలో పెట్టాం. తన బిళ్ళ కూడా కలిపి కొత్తగూడ పోచమ్మకు గంట పోస్తానన్నాడు. పని పోయినవాళ్ళను ఆ తల్లే చూసుకుంటుందని అతని నమ్మకం. దాచుకుందామన్న ఒకరిద్దరిని వెక్కిరించింది కూడా నేనే. చేసుకున్నవాడికి చేసుకున్నంత. నా బిళ్ళయినా కరగకుండా మిగిలి ఉండకపోతుందా అన్న ఆశతో బయల్దేరాను.

రైల్లో నా ఎదురుగా కోళ్ళబుట్టతో ఒక ముసలాయన కూర్చున్నాడు. సంగతంతా విని, "పోచమ్మకిచ్చింది వాపస్ అడుగుతరా? జర పైలం బిడ్డా" అన్నాడు.

ఎనిమిదింబావుకు లింగంపల్లి. స్టేషను బయట చాయ్, రెండు బిస్కట్లు. బస్సు ఎప్పుడని అడిగితే వచ్చినప్పుడే అన్నారు. నడిచాను. దారి పొడుగునా బండలు, తుమ్మలు, సీతాఫలం పొదలు, చెప్పుకోవడానికైనా నీడ లేదు. పదింటికి కొత్తగూడ చేరితే అంజయ్య ఇంట్లో లేడు. రాయదుర్గంలో బండలు కొట్టే పనికి పోయాడని అతని భార్య యాదమ్మ మంచినీళ్ళిచ్చి చెప్పింది. మళ్ళీ నడక. ఇటు నా కాళ్ళు, అటు గడియారం.

పదకొండింటికి దొరికాడు. జిప్పు పళ్ళ అచ్చులు వెంట్రుకవాసి తేడా రాకుండా తీర్చిన ఆ చేతులు సమ్మెట పట్టుకుని ఉన్నాయి. వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకున్నాడు. బిళ్ళ మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు.

"అన్ని కరిగినయన్నా. కని కరగబెట్టే ముందు బిళ్ళలు గంట అచ్చు ఇసుకల అద్దిన. నెంబర్లన్ని గంట మీద పడ్డయి. చూద్దాం పా."

గుడి దగ్గర చూస్తే నిజమే. గంట అంచు చుట్టూ నెంబర్లు, మధ్యలో నాది, నూట పదిహేడు. గంట దింపబోతే ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. వాళ్ళ పాత బిందెల ఇత్తడి కూడా అందులో ఉందట. రాత్రికల్లా తిరిగి తెస్తానని అంజయ్య అమ్మవారి గడప ముట్టి చెప్పాకే వదిలారు. గంట నాలుకకు తువ్వాలు చుట్టి, గోనెసంచిలో వేసి, తనే భుజానికెత్తుకున్నాడు. యాదమ్మ ఇచ్చిన జొన్నరొట్టె నడుస్తూనే తిన్నాం.

లింగంపల్లిలో రెండూ నలభై బండి అందింది. నాలుగున్నరకు ఆఫీసు. గంటను బల్ల మీద పెట్టగానే గుమాస్తా లేచి నిలబడి, ఇదేమిటండీ అన్నాడు. అసలు ఇత్తడి అన్నాను. అతను లోపలికెళ్ళి ఆఫీసరును తీసుకొచ్చాడు. ఆయన రూలు రెండుసార్లు చదివాడు. బిళ్ళ గుండ్రంగా పలచగా ఉండాలని అందులో ఎక్కడా లేదు. చివరికి గంటను తిప్పుతూ ముప్పై నెంబర్లూ తన చేత్తోనే రాసుకున్నాడు. నెంబర్లు గడువులోనే చేరాయి కాబట్టి మిగతావాళ్ళు వారంలోగా వచ్చి సంతకం పెడితే చాలన్నాడు. అయిదుకు అయిదు నిమిషాలుండగా నా కాగితం మీద ముద్ర పడింది.

అంజయ్యను ఒంటరిగా పంపబుద్ధికాక సాయంత్రం బండిలో నేనూ ఎక్కాను. ప్రాణం తేలికపడి, రేపే వచ్చి నువ్వూ సంతకం పెట్టు, నీకింకా నలభై కూడా రాలేదు కదా అన్నాను. అతను కిటికీ వైపు చూశాడు.

"అండ్ల నా నెంబరు లేదన్నా. ఇత్తడి మంచిగ కరుగుతదో లేదో చూద్దామని ముందుగాల నా బిళ్ళే ఏసిన. నెంబర్లు ఇసుకల అద్దాలన్న సోయి ఆ తర్వాత వచ్చింది."

ఆఫీసరు ముందు ఎందుకు చెప్పలేదని గట్టిగానే అరిచాను. పెట్టెలో వాళ్ళు తిరిగి చూశారు.

"చెప్తే నీ కాగితం గూడ ఆపుతరేమోనని."

సర్కారును తిట్టాలో, గుమాస్తాను తిట్టాలో తెలియలేదు. బిళ్ళలు ఇచ్చేయమని అందరినీ ఎగదోసిన నన్ను నేను తిట్టుకున్నాను. లింగంపల్లిలో దిగి, ఈసారి గంట నేను మోస్తానంటే ఇవ్వలేదు. ముప్పైమందికి పని పోయిందని సర్కారు ఇవాళ కాగితం మీద ఒప్పుకుంది. అంజయ్యకు పని పోయినట్టు మాత్రం ఆ ఆఫీసులో ఎక్కడా లేదు. తెల్లవారితే అతను మళ్ళీ రాయదుర్గం బండల దగ్గరికి పోవాలి.