గోదావరి యాస వచ్చిన నటి కావలెను

అంబాజీపేటలో సూర్యప్రకాశరావు గారి కొబ్బరి కొట్టులో కామాక్షి పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. కాయలు వలవడం దగ్గర్నించి లారీకెత్తించే దాకా ఆవిడ చెయ్యి పడని బస్తా ఉండదు. నలభై రెండేళ్ళ మనిషి. పదో తరగతి దాకా చదివింది. ఒకరి చేత మాట పడదు, ఒకరి మీద మాట తూలదు.

ఒకరోజు భోజనాల వేళ కొట్టులో ఆడవాళ్ళ ఫోన్లకి ఒక ప్రకటన వచ్చింది. వెనకటి కాలపు ప్రేమకథ ఒకటి సినిమాగా తీస్తున్నారట. నడివయసు కథానాయిక పాత్రకి గోదావరి యాస వచ్చిన నటి కావాలి, అనుభవం అక్కర్లేదు అని ఉంది. అందరూ చూసి నవ్వుకున్నారు. కామాక్షి చెయ్యి కడుక్కుని తిన్నగా యజమాని దగ్గరికి వెళ్ళింది.

"రేపొక పూట సెలవు కావాలండి."

"ఏం, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి. సినిమాలో వేషం అడగడానికి వెళ్తున్నాను."

సూర్యప్రకాశరావు గారు కళ్ళజోడు తీసి ఆవిడ వంక చూశారు. వద్దనడానికి కారణమేదీ తోచక సరేనన్నారు.

కొత్తపేటలో ఒక పాత పెంకుటింట్లో ఎంపిక జరుగుతోంది. హైదరాబాదు నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు, పట్టుచీరలు కట్టుకుని. కామాక్షి నేతచీరతో వాళ్ళ మధ్యే కూర్చుంది. దర్శకుడు నాగసతీష్ ఆవిడ చేతికి ఒక కాగితం ఇచ్చాడు. పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చి రంగూను వెళ్ళిన మనిషి, పదేళ్ళకి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడతాడు. అతన్ని చూసి ఆవిడ పేజీన్నర మాట్లాడి, భోరున ఏడవాలి.

కామాక్షి రెండుసార్లు చదివి కాగితం తిరిగి ఇచ్చేసింది.

"ఇన్ని మాటలు మాటాడదండి ఈవిడ. ఏడవదు కూడాను."

గదిలో ఉన్నవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. నాగసతీష్ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మరేం చేస్తుందండీ?"

"ముందు మనిషిని చూస్తాదండి. చిక్కిపోయేడా, కాళ్ళూ చేతులూ బాగున్నాయా అని. ఆనక అన్నం తిన్నావా అని అడుగుతాది. అంతేనండి."

"మీకెలా తెలుసు?"

"మావారు ఆరేళ్ళు దోహాలో ఉండి వచ్చేరండి. రావులపాలెం బస్టాండులో దిగేరు. ఏమేమో అడగాలని దారి పొడుగునా అనుకుంటా వెళ్ళేను. తీరా చూస్తే నోటికొచ్చింది ఇదొక్కటే."

"చేసి చూపిస్తారా?"

"ఆయ్."

నాగసతీష్ తనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. కామాక్షి చేటలో బియ్యం ఏరుతున్నట్టు నేలమీద కూర్చుని, తలెత్తింది. పాదాల దగ్గర మొదలుపెట్టి ముఖం దాకా, తొందర లేకుండా చూసింది. లేని చేటని పక్కన పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, "అన్నం తిన్నావా?" అంది. గొంతు వణకలేదు. చూపు మాత్రం అతని ముఖం మీంచి తియ్యలేదు.

జవాబు చెప్పాల్సిన నాగసతీష్ కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి, ఆ పేజీన్నరా అడ్డంగా కొట్టేశాడు. వేషం కామాక్షిదే అయింది.

ఆవిడ భర్త తాతాజీ ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. సంగతంతా విని, "అయితే మన మాట ఊరందరికీ చెప్పేసేవన్నమాట," అన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. మర్నాడు ఆటో ఎక్కిన ప్రతివాళ్ళకీ తనే చెప్పాడు.

రాజోలు వైపు లంకల్లో ఇరవై రోజులు షూటింగు. మొదటి రోజు, అరచేతుల్లో కాయలు కాసిన చోట రంగు పూయబోయాడు మేకప్ అతను. కామాక్షి చేతులు వెనక్కి తీసుకుంది.

"కథలో ఆవిడా పనిచేసుకునే మనిషేనండి. ఉండనివ్వండి."

ఉండనిచ్చారు.

సినిమా అమలాపురం వచ్చిన రోజు కొట్టు మూసి, సూర్యప్రకాశరావు గారు పనివాళ్ళందరినీ లారీ ఎక్కించి తీసుకొచ్చారు. తెర మీద కామాక్షి పెద్దగా, నిదానంగా, ఎవరికీ తలవంచని మనిషిలా కనిపించింది. హాల్లో ఈలలు లేవు. పక్క వరసలో ఎవరో ముసలావిడ ముక్కు చీదుకుంది. తాతాజీ తెరకేసి చూడడం మానేసి భార్యకేసే చూస్తూ కూర్చున్నాడు.

దీపాలు వెలిగాక జనం ద్వారం దగ్గర తోసుకుంటున్నారు. సూర్యప్రకాశరావు గారు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు.

"ముందు మీరు నడవండి కామాక్షిగారూ."

పన్నెండేళ్ళలో ఆయన నోట ఆ 'గారు' వినడం అదే మొదలు. కామాక్షి మొహమాటపడలేదు. కొంగు సర్దుకుని, ముందు నడిచింది.