బరకం మీద ఇటుకలు

తడిసిన బరకం వాసనకి పొద్దున్నే ఒళ్లు మండింది. కోళ్ల పందిరి మీద బరకం గాలికి లేవకుండా మా ఆయన నడిమధ్యలో ఇటుకలు పెట్టారు. వానకి అక్కడ చెరువైంది.

ఎనిమిదేళ్లప్పుడు నేనూ అంతే. ధాన్యం రాశి మీద బరకానికి నాన్న ఇటుకలు పెట్టడం చూసి, కోళ్ల పందిరి మీదా పెట్టాను. నీళ్లు నిలిచి, బరకం చిరిగి, కోళ్లన్నీ తడిసిపోయాయి.

“నాన్న పెట్టాడుగా!” అన్నాను.

“అక్కడ కింద బరువు మోయడానికి ధాన్యం ఉందే మొద్దూ! ఇక్కడ కింద ఏముంది?” అంది మామ్మ తల పట్టుకుని.

“కోళ్లు.”

మామ్మ వెదురుకర్ర తెచ్చి, బరకాన్ని మధ్యలో ఎత్తి కట్టింది. నా జవాబు సరైందే కాబట్టి ఇక తిట్టలేదనుకున్నాను.

ఇవాళ అదే ప్రశ్న మా ఆయన్ని అడిగాను. “కింద ఏముందండీ?”

“కోళ్లేగా,” అన్నారు.

నేను వెదురుకర్ర కోసం వెళ్లాను. ఆయన మొహంలో గెలిచిన సంతోషం.