జరీ అంచు బీదరికం

రామలింగానికి బీదరికం ఉంది గాని, దాన్ని నలుగురిలో ప్రదర్శించుకునే తెలివి లేదు. ఉయ్యూరు పక్క పల్లెలో ఒక తాటాకిల్లు, రెండు మగ్గాలు, చౌడేశ్వరమ్మ అనే భార్య, కోటిలింగం అనే కొడుకు, ఇదీ అతని ఆస్తి. ఆ కొడుకు బుద్ధిగా మగ్గం గుంటలో దిగకుండా చదివి చదివి, రెండో ప్రపంచయుద్ధం ఇంకా నడుస్తుండగానే విశాఖపట్నంలో డాక్టరు చదువుకు సీటు తెచ్చుకున్నాడు. పల్లెంతా సంతోషించింది. సంతోషానికి ఖర్చు లేదు గదా. ఫీజు మాత్రం రామలింగమే కట్టాలి.

బెజవాడలో కులపెద్దలు పెట్టిన విద్యార్థి సహాయనిధి ఒకటి ఉండేది. దాని అధ్యక్షులు నూలు వర్తకులు భావనారాయణగారు. యుద్ధం పుణ్యమా అని నూలుకు కంట్రోలు వచ్చింది. కంట్రోలు పుణ్యమా అని భావనారాయణగారికి మేడ లేచింది. రేషను కార్డు మీద ఇవ్వవలసిన నూలు ఆయన కొట్లో ఎప్పుడూ నిన్ననే అయిపోయి ఉండేది. పక్క గుమ్మంలోంచి రెట్టింపు ధరకు ఎప్పుడూ దొరికేది. అలా నేతగాళ్ళ దగ్గర రాబట్టిన దాంట్లోంచి కాస్త తీసి, నేతగాళ్ళ పిల్లలకే స్కాలర్‌షిప్పులు ఇచ్చేవారు. గోవును చంపి చెప్పులు దానం చేసినట్టని గిట్టనివాళ్ళు అనేవారు. చెప్పులు కావలసినవాళ్ళు మాత్రం అనేవారు కాదు.

అర్జీ పెట్టుకున్న కుర్రవాడు తండ్రితో సహా కమిటీ ముందు నిలబడాలని నిబంధన. బీదరికాన్ని కళ్ళారా చూస్తే గాని పెద్దలు నమ్మరు.

“చిరుగుల పంచె కట్టుకు పో మావా,” అన్నాడు పక్కింటివాడు.

రామలింగానికి ఒళ్ళు మండింది. పెద్దల ముందుకు వెళ్ళేటప్పుడు సొంత మగ్గం మీద తీసిన మేలైన బట్ట కట్టుకోవాలన్నది వాళ్ళ తాతలనాటి కట్టుబాటు. “నేసేవాడే చింకిపాత చుట్టుకుపోతే మగ్గానికి మర్యాదేముంటదిరా?” అన్నాడు. బొగ్గుతో నడిచే బస్సులో మసి కొట్టుకుంటుందని బట్టలు మూటగట్టుకుపోయి, బెజవాడ కాలవలో స్నానాలు చేసి, తండ్రీ కొడుకులిద్దరూ మల్లెపువ్వుల్లాంటి పంచెలు, నూరో నంబరు సన్ననూలుతో నేసిన జరీ అంచు కండువాలు వేసుకుని కమిటీ ముందు నిలబడ్డారు.

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఏమయ్యా, పెళ్ళికొచ్చారా, స్కాలర్‌షిప్పుకొచ్చారా?” అన్నారు భావనారాయణగారు.

“మేం నేసుకున్నదేనండీ.”

“ఇంత జరీ కట్టేవాడివి బీదవాడివెట్లా అవుతావు? నిజమైన బీదవాళ్ళ నోరు కొట్టకూడదు.”

నిజమైన బీదవాడు వెనకే నిలబడి ఉన్నాడు. అతను కోశాధికారిగారి మేనల్లుడు. ఇంట్లో పాలేరు చొక్కా అడిగి తొడుక్కొచ్చాడు. వేలి ఉంగరం తియ్యడం అతను మరిచిపోయాడు. చూడడం కమిటీవారు మరిచిపోయారు. స్కాలర్‌షిప్పు అతనికే వెళ్ళింది.

మెట్లు దిగుతుంటే భావనారాయణగారు రామలింగాన్ని పక్కకు పిలిచారు. కండువా అంచు వేళ్ళతో తడిమి, “పనితనముంది. కమిటీ అందరికీ ఇటువంటివి తలా ఒకటి నేసుకురా. వచ్చే యేడు మీవాడి సంగతి ఆలోచిద్దాం,” అన్నారు.

ఆ యేడు ఫీజుకు రామలింగం ఒక మగ్గం అమ్మేశాడు. రెండో యేడు కండువాలు నేశాడు. వాటి నూలు భావనారాయణగారి పక్క గుమ్మంలోంచే వచ్చింది. కమిటీ భుజాల మీదికి కండువాలు చేరగానే కోటిలింగం బీదవాడని ఏకగ్రీవంగా తేలిపోయింది. అది మొదలు ఏటా అదే తంతు. వేదిక మీద కోటిలింగం పెద్దలకు కండువాలు కప్పేవాడు, పెద్దలు కోటిలింగానికి ఒక కవరు ఇచ్చేవారు, జనం చప్పట్లు కొట్టేవారు.

చౌడేశ్వరమ్మ నూలు కండెలు చుడుతూ ఒకనాడు అడిగింది. “ఏమయ్యా, ఆ కండువాలే అమ్ముకుంటే పిల్లోడి ఫీజు రాదా?”

“ఎవరికమ్ముతామే? నూలు తెచ్చిన కొట్టుకే గుడ్డ వెయ్యాలి. ఆయన కొట్లో వేస్తే నూలు బాకీ కింద జమేసుకుంటాడు. ఆయన భుజాన వేస్తేనే డబ్బు కళ్ళబడేది.”

ఆఖరి పరీక్ష ఫీజుకు చౌడేశ్వరమ్మ పెళ్ళిచీర, రామలింగం పండుగ పంచెలు అమ్ముడుపోయాయి. కొడుక్కి చెప్పలేదు. చెబితే చదువు మానుకొచ్చి మగ్గం గుంటలో కూర్చుంటాడని ఇద్దరికీ ప్రాణాలు అరచేతిలో ఉండేవి.

కోటిలింగం డాక్టరయ్యాడు. సహాయనిధివారు గవర్నరుపేటలో ఒక హాలు తీసుకుని సన్మానం పెట్టారు. సన్మానానికి మంచి కండువా కావాలని కబురొచ్చింది, ఎవరికంటే రామలింగానికే. ఉన్న నూలంతా దానికే పెట్టి, జన్మలో నెయ్యనంత శ్రద్ధగా నేసి కొట్లో అప్పగించాడు. సభనాడు చౌడేశ్వరమ్మ, “నాకు కట్టుకు రావడానికేముంది, నువ్వు చూసొచ్చి చెప్పు,” అంది. అతనికీ లేదు. అతుకుల పంచెతోనే బస్సెక్కాడు.

హాలు గుమ్మంలో బాడ్జీ పెట్టుకున్న కుర్రవాడు ఆపాడు. “ఎవరు కావాలి?”

“డాక్టరుగారి నాన్ననండీ.”

కుర్రవాడు పంచె అతుకులు కిందనుంచి పైదాకా చూసి నవ్వాడు. “అన్నదానం వెనక వైపు పెద్దాయనా. బీదలందరూ అటే.”

రామలింగం పక్కకు జరిగాడు. అవమానమే అయింది, కాలేదనడానికి లేదు. కాని కిటికీలోంచి చూస్తే లోపల భావనారాయణగారు, “ఈ డాక్టరుని మేమే తయారు చేశాం,” అంటూ కొడుకు భుజాల మీద ఆ కండువా కప్పుతున్నారు. కొడుకు కళ్ళు మాత్రం జనంలో ఎవరినో వెతుకుతున్నాయి. లోపలికి వెళ్ళి కొడుకు పరువు తియ్యడమెందుకని, రామలింగం వెనక్కి పోయి పంక్తిలో కూర్చున్నాడు.

సభ సగంలో ఉండగానే కోటిలింగం వెతుక్కుంటూ వచ్చాడు. తండ్రిని, పంచెని, ముందున్న విస్తరిని చూసి అక్కడే ఆగిపోయాడు.

“ఇక్కడ కూర్చున్నావేంటి నాన్నా?”

“అప్పుడు నేను బీదవాణ్ణంటే నమ్మలేదు గదరా. ఇయ్యాళ అర్జీ లేకుండానే మంజూరు చేశారు.”

లోపల మాట్లాడమని కోటిలింగం పేరు పిలుస్తున్నారు. అతను బూట్లు విప్పి, తండ్రి పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. వడ్డించేవాడు డాక్టరుగారిని గుర్తుపట్టి కంగారుగా చారు బకెట్టు దించబోయాడు.

“వెయ్యి నాయనా, వాడికీ వెయ్యి,” అని రామలింగం కొడుకు వైపు వంగాడు. “కండువా పైకి తీసుకోరా. చారు పడిందంటే జరీ నల్లబడిపోద్ది.”