తరుగు తీసిన బరువు

జూన్ రెండో మంగళవారం నా బల్ల మీదికి వేరుశనగ మిల్లు చీటీ ఒకటి వచ్చింది. మొదటి వరుసలో నూట ముప్పయి నాలుగు కిలోలు, రెండో వరుసలో తరుగు రెండు కిలోలు, కింద గీత గీసి నికరం నూట ముప్పయి రెండు. ఏ కాగితం చూసినా ముందు తేదీ, తరువాత లెక్క సరిచూసుకోవడం నా అలవాటు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ చీటీ బస్తాలది కాదు. నా ఎదురుగా కూర్చున్న మనిషిది.

ఆమె ఉరవకొండలో జాకెట్లు కుడుతుంది. నలభై మూడేళ్ళు. గర్భసంచిలో గడ్డ ఉండడం వల్ల నెలల తరబడి రక్తం పోతోంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అనంతపురంలో ఒక నర్సింగ్ హోం వాళ్ళు ఆపరేషన్ చేస్తామని మూడుసార్లు పిలిచి, మూడుసార్లూ వెనక్కి పంపారు. బరువు తగ్గాలి, బీపీ తగ్గాలి అన్నారట.

"ఈ చీటీ ఏమిటమ్మా?" అని అడిగాను.

"నా బరువు మేడమ్. ఆస్పత్రి మిషను నూటిరవై కాడ ఆగిపాయ. మత్తు డాక్టరుకు లెక్క కావల్లంట. ఎదురుగా శెనక్కాయల మిల్లు ఉండాది, ఆడికి పోయి తూపిచ్చుకోని రాపో అన్నారు. పోతి."

"మరి తరుగు ఎవరు తీశారు?"

"కాటా ఆయనే. బస్తాకు తీసినట్టే తీసినాడు. మన్నూ తేమా పోవల్ల కదమ్మా అని, బరువు అందురికీ ఇనపడేట్టు అరిసినాడు." చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "చెప్పులు గూడా ఇడిసే నిలబడితి మేడమ్. నా ఒంట్లో మన్ను యాడిది?"

కాటా మనిషిని నేను పెద్దగా తప్పుపట్టను. మిల్లులో బరువును గట్టిగా అరిచి చెప్పడం రివాజు. బండి దగ్గర నిలబడ్డ రైతుకు వినపడాలి గనుక ఆ పద్ధతి వచ్చింది. అతను చేతికి అలవాటైన పని చేశాడు, అలవాటుగా తరుగు కొట్టాడు, అలవాటుగా అరిచాడు. నేను తప్పుపట్టేది ఆ తరువాత జరిగినదాన్ని. ఆ చీటీని నర్సింగ్ హోంలో ఒక డాక్టరు అందుకున్నాడు, చదివాడు, తరుగు పోగా మిగిలిన అంకెను కేసు కాగితాల మీద ఎక్కించాడు. మత్తుమందు మోతాదు దాన్ని బట్టే కట్టాలి. మందు లెక్కలో రెండు కిలోల తేడా పెద్దది కాకపోవచ్చు. మనిషి లెక్కలో అది చాలా పెద్దది.

ఆమె చేతికి వెడల్పాటి పట్టీ చుట్టి బీపీ చూశాను. నూట ముప్పయి ఆరు, ఎనభై నాలుగు. కూర్చోబెట్టి కాసేపాగి మళ్ళీ చూశాను. అటూ ఇటూగా అంతే. నర్సింగ్ హోం కాగితాల్లో మాత్రం మూడుసార్లూ నూట డెబ్బై పైమాటే. లావుపాటి చేతికి ఇరుకు పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇది కొత్త పరిశోధన కాదు, వైద్య విద్యార్థికి కూడా తెలియాల్సిన సంగతి. ఈ మధ్య ఊబకాయ వైద్యం గురించి డాక్టర్ల కోసం వస్తున్న ప్రతి మార్గదర్శకంలోనూ ఇది మొదట్లోనే ఉంటుంది: వెడల్పు పట్టీ, ఎక్కువ బరువు చూపించగల తూకం, చేతులు లేని కుర్చీ, మర్యాదైన మాట. ఆ ఇరుకు పట్టీని నమ్మి ఆమెకు మూడు రకాల బీపీ మాత్రలు రాశారు. అవి వేసుకున్నప్పటి నుంచీ కుట్టు మిషను ముందు నుంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పింది. రెండు మాత్రలు ఆపాను. రక్తం పెరగడానికి మంగళవారం మంగళవారం వేసే ఇంజెక్షన్లు మొదలుపెట్టాను. ఆపరేషన్ ఇక వాయిదా వేయడం ప్రమాదమని, నేను చూసిన బీపీ అంకెలతో సహా, నర్సింగ్ హోం సర్జనుకు ఉత్తరం రాశాను.

ఆమె వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగింది. "నేనేమన్నా ఎక్కువ తింటాన్నానా మేడమ్? అందురూ అదే అంటారు. కరువు సీమలో ఈ ఒళ్ళు యాడ్నుంచి వచ్చెప్పా అని."

ఆ మాట ఈ జిల్లాలో నేను వినని వారం లేదు. వానలు లేని నేల మీద లావుగా ఉన్న మనిషిని పక్కవాళ్ళ కంచంలోది తిన్నట్టు చూస్తారు. తల్లి కడుపులోనూ పసితనంలోనూ తిండి చాలనివాళ్ళకే తరువాత ఒళ్ళు వచ్చే అవకాశం ఎక్కువని చదివాను. తిండి తగ్గించేకొద్దీ ఒళ్ళు తన ఖర్చు తగ్గించుకుని, ఆకలి పెంచి, పోయిన బరువును వెనక్కి తెచ్చుకోవాలని చూస్తుందనీ చదివాను. ఇది పట్టుదలకు సంబంధించింది కాదు, జబ్బు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. నమ్మినట్టు లేదు. నలభై మూడేళ్ళు విన్న మాటను ఒక్క మంగళవారం చెరపలేదు.

జూలైలో అనంతపురంలోని ఒక హోటల్లో డాక్టర్ల సమావేశం జరిగింది. అంశం ఊబకాయమే. భోజనాల ఖర్చు మందుల కంపెనీది. బెంగళూరు నుంచి వచ్చిన వక్త చక్కగా మాట్లాడాడు. వారానికొకసారి వేసే కొత్త ఇంజెక్షన్ల గురించి, వాటి హద్దుల గురించి దాచకుండా చెప్పాడు. డాక్టర్లు ఇంట్లో కూర్చుని నేర్చుకోగల ఉచిత పాఠాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పాడు. "రోగిని ఒంటి లావును బట్టి పిలవకండి. మన మాట భరించలేక ఆస్పత్రికి రావడం మానేసినవాళ్ళున్నారు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

వందన సమర్పణకు లేచింది ఆ సర్జనే. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. "సారు లేటెస్టు టెక్నాలజీ చూపిచ్చినారు. మన అనంతపురం టెక్నాలజీ కూడా ఒకటి చూడండి" అంటూ తెర మీద ఒక ఫోటో వేశాడు. వేరుశనగ కాటా, పక్కన బస్తాల వరుస, కాటా మీద వెనక్కి తిరిగి చూస్తున్న ఆడమనిషి. కళ్ళ మీద నల్ల పట్టీ వేశారు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. అంగడి నుంచి వచ్చేటప్పుడు తీయడం మరిచిపోయి ఉంటుంది.

హాలంతా నవ్వింది. ఇంతకుముందు చప్పట్లు కొట్టిన చేతులే బల్లలు చరిచాయి. నా పక్కనున్న పిల్లల డాక్టరు, బిరియానీ నోట్లో ఉండగానే, "నెట్ వెయిటా, గ్రాస్ వెయిటా?" అని అరిచాడు. వక్త తల వంచుకుని తన వైర్లు చుట్టుకున్నాడు. నేను లేచి వచ్చేశాను.

మర్నాడు ఆ సర్జను గదికి వెళ్ళాను.

"అక్కా, మొగం కనపడకుండా పట్టీ ఏస్తి కదా. ఇంకేం కావల్ల?"

"మెడలో టేపు కనపడుతోంది. ఉరవకొండలో ఎంతమంది దర్జీలున్నారు?"

"తూకానికి పంపిచ్చినప్పుడు మా వార్డుబాయ్ ఫోటో తీసినాడు. నేనేమన్నా అబద్ధం చూపిస్తినా?"

"నీ బీపీ అబద్ధం. నా ఉత్తరం చదివావా?"

"చదివినాలే అక్కా. ఈడికొచ్చే వాళ్ళందరికీ అదే బీపీ పట్టీ. ఆమె ఒక్కదానికోసం కొత్తది కొనల్లా?"

"నిన్న మనం తిన్న ఒక్క విస్తరి ఖరీదు చేయదు ఆ పట్టీ."

సణుక్కుంటూ ఫోటో తన ఫోనులోంచి చెరిపేశాడు. అప్పటికే దాన్ని ఎంతమందికి పంపాడో అతనికే తెలియదు. "సరే ఆమెను పంపియ్యక్కా, చేస్తా" అన్నాడు, నాకేదో దానం చేస్తున్నట్టు.

పంపడానికి ఆమె నా దగ్గరికి రావాలి కదా. రెండు మంగళవారాలు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఆదివారం ఉరవకొండ వెళ్ళాను. అంగడి తలుపు సగం వేసి ఉంది. లోపల మిషను ముందు గోడకు ఆనుకుని కూర్చుంది, పెదవులు పాలిపోయి. ఆ వారం రక్తం ఇంకా ఎక్కువ పోయిందట.

"ఆ డాక్టరు పంపించినాడా మిమ్మల్ని?"

"లేదు, నేనే వచ్చాను."

"మొన్న ఒకామె జాకెట్టు కొలతలిస్తా ఇస్తా, ఇది నువ్వే కదక్కా అని ఫోను నా మొగానికి పెట్టె. వాళ్ళ మరిదికి ఎవరో పంపినారంట." కత్తెర తీసి పక్కన పెట్టింది. "ఆ డాక్టర్ను గూడా ఆ కాటా ఎక్కమనండి మేడమ్. తరుగు తీపిచ్చుకోని, చీటీ తెచ్చి నాకియ్యమనండి. అప్పుడొస్తా ఆయన ఆస్పత్రికి."

"ఆయన దగ్గరికి వద్దు. నాకు తెలిసిన లేడీ డాక్టరు ఉంది. కాగితాలన్నీ చూసింది. రెండు సీసాల రక్తం ఎక్కించి చేస్తానంది. ఇంకా ఆగితే ఆపరేషన్‌కు నువ్వు మిగలవు."

మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. తరువాత అడిగింది, "ఆడ గూడా తూస్తారా?"

"తూచాలి. నా గదిలో తూస్తాను. తలుపు వేసి. అంకె పైకి అనను."

గురువారం వచ్చింది. రెండు వందల కిలోల దాకా చూపించే తూకం నా గదిలో గోడ వారన ఉంది. మెడలో టేపు తీసి నా చేతికిచ్చి ఎక్కింది. కళ్ళు మూసుకుంది. నేను అంకె రాసుకున్నాను. దిగి చెప్పులు తొడుక్కుంటూ, "తరుగు తీసినారా?" అంది.

"లేదు."

"అయితే నమ్మొచ్చు" అంది.

ఆపరేషన్ ఆగస్టులో జరిగింది. ఆ వయసుకు, ఆ ఒంటికి ఉండే ప్రమాదాలు ముందే వివరంగా చెప్పారు. మత్తు డాక్టరు మామూలు కంటే ఎక్కువసేపు పక్కనే ఉంది. మూడో రోజు చూడడానికి వెళ్ళాను. అప్పటికి నడుస్తోంది. బయటికి తీసిన గడ్డ ఎంత ఉందో చెప్పమంది. కిలో ముప్పావు అని చెప్పాను.

ఆమె కాసేపు లెక్క వేసుకుంది.

"అయితే ఆ కాటా ఆయన తరుగు ముందే తీసినాడు మేడమ్" అంది. "దాంట్లో గూడా పావు కిలో ఎక్కువ కొట్టినాడు, దొంగ."

నవ్వబోయి కడుపు పట్టుకుంది.

"ఇంగ మీరు పోండి మేడమ్. కుట్లు లాగుతాండాయి."