టౌటన్ వాగు దాటినవాళ్లు

ఆ పుస్తకాన్ని మా గదికి తెచ్చింది ఆమే. సల్వా పేటలో ఆమె పనిచేసే ఇంటి పిల్లలు పై తరగతికి వెళ్లి పాత పుస్తకాలు బయట పడేస్తే, అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని ఏరి, ఒక శుక్రవారం సెలవు దొరికినప్పుడు మేముండే ఖైతాన్‌కు మోసుకొచ్చింది.

"అన్నకు పుస్తకముంటే కూడు గూడా అక్కర్లేదు గదా. మా ఇంటి యజమానమ్మ పారేస్తాంటే తెచ్చినా," అని నన్ను చూపిస్తూ మొగుడి చేతికిచ్చింది. అతను కడప వైపు మనిషి, తాపీ పని. నాతో ఒకే గదిలో ఉండేవాడు. ఆ పుస్తకం ఇంగ్లండు చరిత్ర.

నేనక్కడ, ఆ పరాయి దేశంలో, ఒక వర్క్‌షాపులో స్టోరు చూసేవాణ్ని. అంతకుముందు, మన ఊళ్లలో, ముహూర్తాలు పెట్టేవాళ్లతోనూ జాతకాలు రాసేవాళ్లతోనూ వేదికలెక్కి వాదించినవాణ్ని. ఎదుటివాడి నోరు మూయించి దిగడం అలవాటైపోయిన మనిషిని. గదిలో మేకుకు వేలాడే అతని పంచాంగం చూస్తే నాకు ఒళ్లు మండేది.

"నీ ఇఖామా పర్మిట్ ఎప్పుడు అయిపోతుందో ఆ గ్రహాలకు తెలుసా?" అని వెక్కిరించేవాణ్ని.

"పనిచ్చిన కఫీల్‌కే తెల్దు, గ్రహాలకేం తెలుస్తాదిలే అన్నా," అని నవ్వేవాడు. నవ్వి, మళ్లీ పంచాంగం పేజీ తిప్పేవాడు.

1990 ఆగస్టులో ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. నాలుగో రోజు పొద్దున, కింది అంతస్తులో ఉండే రాయచోటి భాయ్ మా తలుపు తట్టాడు. ఆయనకొక వ్యాన్ ఉండేది.

"రేపు తెల్లార్తానే కదుల్తాండా తమ్ముడూ. బస్రా, బాగ్దాద్, ఆడి నుంచి జోర్డాన్. మీ ఆలుమొగుళ్లకు రెండు సీట్లు పెట్టినా. యల్లా, పోయి చెల్లెమ్మను తీసుకురా."

మధ్యాహ్నం వీధిలోని బకాలా కిరాణా కొట్టుకు ఆమె ఫోన్ చేసింది. సల్వా వాళ్లు ఇల్లు వదిలి, ఎడారిలో పడి సౌదీకి పోవాలనుకుంటున్నారట. తననూ ఎక్కించుకుంటారట. "వాళ్లతో ఇసుకలో పోవాలంటే భయమైతాంది, నువ్వొచ్చి నన్ను తీసుకపో," అందట. అతను మెట్లెక్కి వచ్చి చొక్కా తొడుక్కుంటూ ఇదంతా చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే నేను నోరెత్తేవాణ్ని కానేమో. కానీ చివర్లో అన్నాడు: "పంచాంగం గూడా చూసినాన్నా. ఈ దినం బయల్దేరేదానికి మంచిదే."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు కూడా ఈ కాగితమేనా దారి చూపించేది? "కూర్చో," అన్నాను. పుస్తకం తీశాను.

టౌటన్ యుద్ధం. 1461. ఒకే రాజవంశంలోని రెండు శాఖలు ఒకే కిరీటం కోసం కొట్టుకున్నాయి. మంచు తుఫానులో మొదలైంది. నేను తెలుగులో చెబుతుంటే అతను అడ్డొచ్చాడు.

"మంచంటే? ఫ్రిజ్జులో గడ్డ కడతాదే, అదేనా?"

"అదే. ఆకాశం నుంచి పడుతుంది."

"ఈడ పడినా బాగుండును," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

గాలి ఎదురు తిరిగి ఒక పక్షం బాణాలు చేరాల్సిన చోటికి చేరక నేలమీద రాలాయని చెప్పాను. అవతలివాళ్లు వాటిని ఏరి, అవే బాణాలతో వీళ్లను కొట్టారని చెప్పాను. అలా దెబ్బతిన్న పక్షంవాళ్లు గంటల తరబడి నిలబడి పోరాడి చివరికి వెన్ను చూపి పరుగెత్తారు. వెనక ఒక వాగు ఉంది. కొందరు అందులో మునిగారు, కొందరిని గుర్రాల మీద వచ్చి నరికారు, వెనక వచ్చినవాళ్లు ముందు పడినవాళ్ల శవాల మీదుగా నడిచారు.

"చూశావా? నిలబడినప్పుడు కాదు, పారిపోతున్నప్పుడే నాశనమయ్యారు. నువ్వు పోవాలనుకుంటున్న దారి నిండా సైన్యమే. పది రోజుల్లో పెద్ద దేశాలు రాజీ చేస్తాయి. ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి."

"నువ్వు సదువుకున్నోడివి," అన్నాడు. చొక్కా విప్పి మేకుకు, పంచాంగం పక్కన, తగిలించాడు. నేను వాదన గెలిచాను.

కొట్టు నుంచి అతను ఫోన్ చేస్తున్నప్పుడు పక్కనే ఉన్నాను. "రెండు దినాలు ఓర్సుకో. అన్న చెప్పినాడు." అవతల ఆమె ఏమందని అడిగాను. "అన్న చెప్పినాడా, అట్లయితే సరేలే అనింది," అన్నాడు.

భాయ్ మర్నాడు వెళ్లిపోయాడు. క్షేమంగా జోర్డాన్ చేరాడు.

ఆ తర్వాతి రోజు నుంచి సల్వా ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. మేమిద్దరం పడుతూ లేస్తూ అక్కడికి పోయాం. గేటు బార్లా తెరిచి ఉంది. వంటింట్లో, తడిపిన పిండి గిన్నెలోనే ఎండి బీటలు వారింది. పక్క ఇంటి ఈజిప్టు కాపలామనిషి చెప్పాడు: నిన్న పొద్దున బయల్దేరారు. పనామె సంచి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. రెండుసార్లు హారన్ కొట్టాక గానీ లేవలేదు. వీధి చివరికే చూస్తూ ఎక్కింది.

దారిలో పెద్ద కారు ఇసుకలో కూరుకుపోతే యజమానులు ఒక బండిలో సర్దుకుని, పనివాళ్లను ఇంకో బండి ఎక్కించారని, ఆ రెండో బండి ఎక్కడికీ చేరలేదని, ఏడాది తర్వాత వచ్చిన ఉత్తరం చెప్పింది. ఆ రోజు మాకు ఇవేవీ తెలియవు. అతను ఆ పిండి గిన్నె కడిగి బోర్లించాడు.

సెప్టెంబరులో మేమూ కదిలాం. నేను వద్దన్న దారినే, బస్రా, బాగ్దాద్ మీదుగా. ఎవరూ మమ్మల్ని నరకలేదు. జోర్డాన్‌లో శరణార్థుల గుడారాల దగ్గర లారీ ఆగినప్పుడల్లా, ఆమె ఎటు తిరిగైనా అక్కడికే వస్తుందేమోనని అతను పరుగెత్తుకెళ్లి, దిగే ఆడవాళ్ల ముఖాలు చూసి తిరిగొచ్చేవాడు. ఒక సాయంత్రం అలా తిరిగొచ్చి, తన సంచిలోంచి ఆ లావు పుస్తకం తీశాడు. నేను గదిలోనే వదిలేశాననుకున్నాను.

"ఆమె తెచ్చింది గదా, పారేయబుద్ధి కాలేదు. ఆ వాగు కత ఇంకోసారి చెప్పన్నా. ఈసారి ఏం ఇడిసిపెట్టొద్దు."

అతనికి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. తెలిసి అనలేదేమో కూడా. నేను ఆ రోజు రెండు వాక్యాలు దాటేశాను. ఓడిన పక్షం రాజూ రాణీ యుద్ధానికి రాకుండా దగ్గరి పట్టణంలోనే ఉండి, కబురు అందగానే బయల్దేరి, స్కాట్లండు చేరి బతికారు. వాగు దాటి ప్రాణాలతో బయటపడిన సైనికులూ ఉన్నారు. నా వాదనకు అడ్డం వస్తాయనే చదవలేదు. వేదిక మీద అది నాకు మామూలే.

ఇప్పుడు చదివాను, రెండూ.

"ఇది ఆ దినం చెప్పలేదే," అన్నాడు.

"లేదు."

తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. అతని ముఖంలోకి వెలుగొచ్చింది.

"అయితే దాటినోళ్లు ఉండారు," అన్నాడు. "ఆమె తెచ్చిన పుస్తకంలోనే రాసుండాది. వస్తాది చూడన్నా."

ఏ పుస్తకమూ రేపటి సంగతి చెప్పదని, అయిదు వందల ఏళ్ల కిందటి వాగుకూ ఆమె దాటుతున్న ఇసుకకూ ఏ సంబంధమూ లేదని జీవితమంతా ఊరూరా అరిచినవాణ్ని నేను. ఆ సాయంత్రం ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. ఇంకో లారీ ఆగింది. అతను లేచి పరుగెత్తాడు. పుస్తకం నా ఒళ్లో ఉంది.