కాన్పుల గదిలో మా నాయన పెట్టిన బండలు

మా పక్క ఏ అవసరానికైనా బండే మందు. నేలకు బండ, కప్పుకు బండ, పొలం కంచెకు బండ, బట్టలు ఉతకడానికి బండ, ఉతికేవాళ్లకు సలహాలిస్తూ కూర్చోవడానికి ఇంకో బండ. నాపరాయి తవ్వే ఊళ్ల మధ్య, నాపరాయి పరిచే మేస్త్రీకి కూతురిగా పుట్టి, సివిల్ డిప్లొమా చదివి నేను సంపాదించిన మొదటి ఉద్యోగం ఆ బండల్ని పీకించడం. ఇంట్లో ఈ సంగతి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు.

ఆ ఉద్యోగం ఒక ఆసుపత్రిలో. అది జమ్మలమడుగు నుంచి మైలవరం వైపు పోయే ఆటోలు ఆగే చోట ఉంటుంది. పేరు చెప్పను. బోర్డు మీద కూడా సగమే కనిపిస్తుంది. ఆ పాత భవనాన్ని భూకంపం వచ్చినా నిలబడేలా చేయాలని పని మొదలైంది. స్తంభాల చుట్టూ కమ్మీలు కట్టి కొత్త కాంక్రీటు తొడగడం, బీరువాల్ని గోడకు బిగించడం, ఆక్సిజన్ సిలిండర్లకు గొలుసులు వేయడం. నేను సైట్ సూపర్‌వైజర్‌ని. గొలుసులు చూసిన ఒక పెద్దాయన, "సిలిండర్లు గూడా ఎత్తుకపోతాండారా పాపా?" అని జాలిపడ్డాడు. భూకంపం కోసమంటే నమ్మలేదు. ఆయన తప్పేం లేదు. సున్నపురాయి గనుల్లో రాయి పగలగొట్టే తూటాలు రోజూ ఒకే వేళకు పేలుతాయి. అప్పుడల్లా మా ఇళ్లలో గిన్నెలు గలగలమంటాయి. నేల అదిరితే మేం బయటికి పరిగెత్తం, టైమెంతైందో చూసుకుంటాం.

కాన్పుల గది దాకా పని సాఫీగానే నడిచింది. ఆ గదిలో మంచాల తలల పైన, మూడు గోడల పొడవునా నల్లటి బండ అరలున్నాయి. గుడ్డల మూటలు, సెలైన్ పెట్టెలు అన్నీ వాటి మీదే. పని చూసే ఇంజనీరు మేడం గోదావరి వైపు మనిషి. ఆమె తలెత్తి చూసి, "ముందు ఇవి తీసేయాలండి. భవనం నిలబడినా ఇవి కింద పడితే ఏం లాభం?" అంది. బ్రేకర్ మిషన్‌తో గోడలు పగలగొట్టాలి, మళ్లీ పూయాలి, గదంతా శుభ్రం చేయాలి. అంతవరకు గది మూసేసి కాన్పులన్నీ ప్రొద్దుటూరుకు పంపాలి. నెల పైనే పడుతుంది.

ప్రొద్దుటూరు ఎంత దూరమని కారున్నవాళ్లు అంటారు. నొప్పులొస్తుండగా ఆటోలో కూర్చున్న మనిషికి అది వేరే దేశం. ఈ కబురు విన్న పెద్ద నర్సు, మేమంతా సిస్టరమ్మ అనే ఆమె, నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"నెల ఆగమని కడుపులో బిడ్డకు నువ్వు చెప్తావా పాపా, నేను చెప్పాల్నా?"

ఆ అరలు పెట్టింది మా నాయన, నేను పుట్టకముందు. ఆయనకు తన పనుల్లోకెల్లా అవంటేనే ప్రాణం. ఎవరైనా కొత్త పని మాట్లాడటానికొస్తే, "ముందు ఆస్పత్రిలో అరలు చూసి రాపో" అనేవాడు. కాన్పుల గదిని షోరూముగా వాడుకున్న మేస్త్రీ ఇంకొకరు ఉండరనుకుంటా.

మధ్యాహ్నం సంగటి తింటుంటే చెప్పాను.

"అరలు తీసేయాలంట నాయనా. భూకంపమొస్తే పడతాయంట."

"లారీ ఎక్కించినా కదలవవి."

"కాన్పుల గదిలోకి లారీ రాదులే."

గది మూస్తారని, అందర్నీ ప్రొద్దుటూరు పంపుతారని చెప్పాను. ఆయన సంగటి ముద్దను వేలితో నొక్కుతూ ఉండిపోయాడు. "ముద్ద ఏం పాపం చేసింది? తిను" అంది అమ్మ. కాసేపటికి ఆయన తలెత్తాడు.

"మిషను పెట్టొద్దని చెప్పు. నేనొచ్చి తీస్తా. గోడ పగలదు."

కోపంతో అంటున్నాడనుకున్నాను.

మరుసటి ఉదయం సిస్టరమ్మ మంచాల్ని పక్క గదిలోకి తోయించి, రెండే గంటలు టైమిచ్చింది. నాయన చిన్న సుత్తి, సన్న ఉలి ఉన్న సంచితో వచ్చాడు. "రండి, కూర్చోండి" అని మేడం అంటే, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. మా వైపు మేస్త్రీలకు అంత మర్యాద అలవాటు లేదు.

నేరుగా మూలకు పోయాడు. అర గోడను తాకే చోట సిమెంటును ఉలితో గీరాడు. అది అప్పడంలా ఊడొచ్చింది. వెనక కాంక్రీటు లేదు. రాతి ముక్కలు కూరి ఉన్నాయి. ఒకటి వేళ్లతోనే లాగాడు. రెండోది లాగేసరికి అంత బండా సొరుగులా ముందుకొచ్చింది. కూలీలిద్దరూ పట్టుకున్నారు.

నా దగ్గర మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి. మూడూ మింగేశాను.

"బండ గోడలోకి నాలుగంగుళాలు పోవాల మేడం" అన్నాడు నాయన. "రెండే పోయింది. తెల్లారితే ప్రారంభోత్సవమని తొందరపెట్టినారు. ముక్కలు కూరి పైన సిమెంటు పూసినా. మళ్లా వచ్చి సరిగ్గా చేద్దామనుకున్నా." చేతిలోని రాతి ముక్కను కింద పెట్టాడు. "రాలా."

మిషను పెట్టి ఉంటే ఆ ముక్కలన్నీ గోడతోపాటే పొడయ్యేవి. ఆయన గుట్టు ఆయనకే ఉండేది. ఆ సంగతి సంగటి ముందు కూర్చున్నప్పుడే ఆయనకు తెలుసు. నాకు గోడ ముందు నిలబడ్డాక తెలిసింది.

సిస్టరమ్మ పైకి చూసి, "ఇన్నేండ్లూ నేను దీని కిందనే నిలబడుకోనుంటినప్పా" అంది.

"అవును సిస్టరమ్మా."

"పడలా గదా. టీ తాగు."

రెండు గంటల్లో మూడు గోడలూ ఖాళీ అయ్యాయి. గది కడిగి మంచాలు మళ్లీ లోపలికి తోశారు. సాయంత్రం మైలవరం వైపు నుంచి ఆటోలో వచ్చినామెకు అక్కడే కాన్పయింది. ఆడపిల్ల. ఆ పిల్ల తన ఏడుపు ప్రొద్దుటూరుకు కూడా వినిపించేలా ఏడ్చింది.

నాయనకు థ్యాంక్స్ చెప్పాలనుకున్నాను. మా ఇంట్లో ఆ మాట అంటే జ్వరమొచ్చిందేమోనని నుదురు తాకి చూస్తారు. అందుకని ఇక్కడ రాస్తున్నా. భూకంపం రాకముందే పడేవేవో వెతికి సరిచేయాలని డిప్లొమాలో ఒక పాఠముండేది. దాన్ని రాసి పాసయ్యాను, అంతే. అది అర్థమైంది మాత్రం ఆ రోజే.

ఆ ఆదివారం ఆయనే అన్నాడు. "రాసుకో పాపా. తొందరలో అట్ల పెట్టినవి ఇంకా యాడేడ ఉండాయో చెప్తా." జమ్మలమడుగులో ఒక ఇల్లు, ప్రొద్దుటూరులో రెండు, పులివెందులలో ఒక బట్టల కొట్టు. ఇప్పుడు మా ఆదివారాలు ఇలాగే పోతున్నాయి. స్కూటీ నేను నడుపుతాను. వెనక కూర్చున్న ఆయన లేని బ్రేకు తొక్కుతుంటాడు.

పులివెందులలో కొట్టాయన మమ్మల్ని చూసి, "ఏంది మేస్త్రీ, ఇన్నేండ్లకు? కొత్తవేమన్నా అమ్మేకొచ్చినావా?" అన్నాడు.

"లేదప్పా. అప్పుడు సరిగ్గా పెట్టలా. తీసి, మళ్లా పెట్టిపోదామని."

"ఇన్నేండ్లు పడలేదు గదా, ఉండనీలే."

"పడలేదు గాబట్టే ఇప్పుడు తీస్తాండా" అని నాయన స్టూలు ఎక్కాడు. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. నేను రెండు చేతులా పట్టుకున్నాను.